మహనీయుల చరిత్రలను చదువు తీరు



పెద్దల జీవితచరిత్రలను చదువుట మనకు క్రొత్త కాదు. పాల్కురికి సోమనాథుడు 13వ శతాబ్దిలో ద్విపదలో రచించిన బసవపురాణము ఒక జీవితచరిత్రయే. గ్రంథము బసవేశ్వరుని పేర నున్నది. కాని అందలి ఏడాశ్వాసములలో పెక్కుభాగము ఇతర భక్తుల కథలే. బట్టలుతుకు మడివాలు మాచయ్య, శివునకు పాలు కొనిపోయిన చిన్నపిల్ల గొడగూచి, శివునకు తల్లి లేదని జాలిపడి తానే తల్లియైన బెజ్జమహాదేవి, వీరందరును అందు చోటు పొందిరి. అంతియే కాదు. దాతను నేనే యను తలపు బసవనికి పొడసూపగా మాచయ్య మందలించిన కథను కవి దాచలేదు. మంత్రికి రజకభక్తుడు బుద్ధి చెప్పెనని వ్రాయుటకు ఆయన జంకలేదు.

నేడు దేశనాయకుల ఆత్మకథలు, సంస్కర్తల స్వీయచరిత్రలు మన యిండ్లకును, మఠముల గ్రంథాలయములకును వచ్చుచున్నవి. వానిని ఏ కంటితో చదువవలెను? పదవులను, పూలదండలను లెక్కించుచు చదువువారు కొందరు. తప్పెక్కడ దొరకునాయని వెదకువారు కొందరు. ఈ రెండు చదువులును వ్యర్థములే. నుడియు నడకయు ఒకటి కావలెనన్నది బసవేశ్వరుని బోధ. ఆ మహనీయుని నుడి నడకగా మారినప్పుడు దాని బరువు ఎవరి తలపై పడెనో, ఆ సంగతిని గ్రంథము చెప్పుచున్నదో లేదో చూడవలెను.

కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున తొలి వితంతు వివాహము జరిపించిరి. ఈ మాట బడిపిల్లలకును తెలియును. ఊరివారు వెలివేయజూచిరి. వంటవారు రాలేదు, నీళ్లు మోయువారును రాలేదు. అప్పుడు గోదావరి నుండి నీరు మోసి తెచ్చినదెవరు? పెండ్లివారికి వండిపెట్టినదెవరు? ఆయన సహధర్మచారిణి రాజ్యలక్ష్మమ్మగారు. పంతులుగారు పత్రికలు నడపిరి, ఉపన్యాసములిచ్చిరి, పండితులతో వాదించిరి. ఆ వాదమంతయు ఆ దినమున ఆమె మోసిన కడవపై ఆధారపడియుండెను. 12వ శతాబ్దిలో కల్యాణమున మధువరసుని కూతును హరళయ్య కొడుకునకిచ్చిన పెండ్లికథను వినినవారికి, ఇట్టి వివాహము ఎంత వెలకు జరుగునో వేరుగ చెప్పనక్కరలేదు. ఆ తండ్రులిరువురును ప్రాణములు కోల్పోయిరని పరంపర చెప్పుచున్నది. ఐనను ఆ పిల్లల తల్లులను మన పురాణప్రవచనములలో ఎందరు తలచుచున్నారు?

గాంధీమహాత్ముని ఆత్మకథ 1925 మొదలు గుజరాతీ పత్రికయైన నవజీవన్‌లో వెలువడినది. అందు 1898లో డర్బనున ఆయన యింట జరిగిన సంగతి యొకటి కలదు. ఇంట నుండిన గుమస్తా పంచమ తల్లిదండ్రులకు పుట్టినవాడు. అతని మూత్రపాత్రను కస్తూరిబాయి కన్నీటితో తీసెను. ఏడ్చుచు కాదు, సంతోషముతో తీయవలెనని భర్త గద్దించెను. తుదకు చేయిపట్టి వాకిటివరకు ఈడ్చెను. ఆయన పట్టిన ధర్మము సరియైనదే. మలమూత్రములెత్తు పనికి కులము లేదనుట కాయకధర్మమునకు మిక్కిలి దగ్గరి మాట. కాని ఆ ధర్మము పేర ఇల్లాలిని గెంటబోయిన చేయి తప్పు చేసినది. ఈ సంగతిని బయటపెట్టినవారు శత్రువులు కారు, ఆయనయే. ఈ పుటను చదువక త్రిప్పివేయువాడు ఆయన భక్తుడు కాజాలడు. దీనిని మాత్రమే పట్టుకొని ఎగతాళి చేయువానికి కస్తూరిబాయిపై జాలి యున్నదనియు నమ్మరాదు.

టంగుటూరి ప్రకాశము పంతులుగారు 1928లో మద్రాసున తుపాకులకెదురుగ రొమ్ము చూపిన ఘట్టమునకై ‘నా జీవిత యాత్ర’ను తెరచువారు ఒంగోలు పుటలను తొందరగ దాటుదురు. తండ్రి పోయిన పిమ్మట తల్లి సుబ్బమ్మగారు అచ్చట పూటకూళ్ల యిల్లు నడపి బిడ్డలను పెంచిరి. 1953లో ఆంధ్రరాష్ట్ర ప్రథమ ముఖ్యమంత్రియైన వాని చదువునకు తొలి మూలధనము ఆ పొయ్యియే.

ఇక మన మఠములును సంఘములును వెలువరించు సన్మానసంచికల మాట. కట్టించిన గదులెన్ని, ఇచ్చిన విరాళమెంత, అధ్యక్షత వహించిన సభలెన్ని, ఇవియే నిండియుండును. ఛాయాచిత్రములకు కొదువ లేదు. దాసోహమునకు దినదినము వండినవారి పేరు మాత్రము వెదకినను దొరకదు. తండ్రి చరిత్రను వ్రాయబూనిన కొడుకును తల్లికి ఒక్క వాక్యము విడుచును, అదియు ఆమె పరమసాధ్వి యని. ఆమె ఏమి చేసినదో, దేనికి ఒప్పుకొనలేదో ఎవ్వరికిని తెలియకయే పోవును. అట్టి సంచిక అచ్చునకు పోకముందు సంపాదకుడు మఠము వంటశాలలో ఒక పూట కూర్చుండి, అక్కడివారిని అడిగి వ్రాసికొని రావలెను. స్వాములవారికి గాని దాతకు గాని ఎవరేని ఎప్పుడేని బుద్ధి చెప్పియుండినచో అదియు వ్రాయవలెను. సోమనాథుడు మాచయ్యకు విడిచినంత చోటు విడువలేకపోయినను, ఒక పుటయైనను విడువవచ్చును.