డిఫ్‌లో ఎర్రగీత

2007లో 12 రకాల డ్రొసోఫిలా ఈగల జీనోమ్‌లని పక్కపక్కన పెట్టి పోల్చారు. వాటిలో నన్ను ఆపేసింది సెషెల్స్ దీవుల ఈగ, సెషెల్లియా. మిగతా ఈగలకి విషమైన నోని పండే దీనికి ఇల్లూ, తిండీ. దగ్గరి చుట్టం సిములాన్స్‌తో పోలిస్తే, వాసనా రుచీ పసిగట్టే జీన్లు దీనిలో చాలా వేగంగా పాడయ్యాయి. "కోల్పోయింది" అంటారు. ఎవరి లెక్కలో? మేం కోడ్‌కి డిఫ్ తీసినా ఇంతే. లైను పోయిందని ఎర్రగీత చూపిస్తుంది. అక్కర్లేక తీసేశారో, పొరపాటున ఎగిరిపోయిందో చెప్పదు. ఒక్క పండు మీద బతికేదానికి అన్ని వాసనలెందుకు, నిజమే. కానీ సంఖ్య తక్కువైన చోట పనికొచ్చే జీన్ కూడా ఊరికే, కాలం కలిసిరాక, పోవచ్చు. మొదటిదాన్ని నష్టమనడం నాకు అన్యాయంగా తోస్తుంది. రెండోదాన్ని సర్దుబాటు అనడం అంతకన్నా అన్యాయం. నోని చెట్లున్నంత కాలం ఈగకి మాత్రం ఆ తేడా తగలదు.