జైలు నుంచి వచ్చినవాడికి మన సఫ్‌లో చోటుందా?

దొంగతనం చేసి జైలుకెళ్లిన యువకుడు శిక్ష ముగించుకుని జుమా నమాజుకు వస్తాడు. పక్కనున్నవారు కాస్త ఎడంగా జరుగుతారు. అతని పశ్చాత్తాపం నిజమో కాదో అల్లాహ్‌కే తెలుసు. మరి మన ప్రవర్తన సరైనదేనా? దీన్ని మనం ఆలోచించాలి.

చట్టం చేతులను కట్టేయగలదు, మనసును మార్చలేదు. పోలీసు లేనిచోట దాని భయం ఉండదు. అల్లాహ్ చూస్తున్నాడన్న విశ్వాసం చీకట్లోనూ మనిషిని ఆపుతుంది. అందుకే దివ్య ఖుర్ఆన్ (జుమర్: 53) హద్దుమీరిన దాసులనే పిలిచి, దైవకారుణ్యం పట్ల నిరాశ చెందవద్దని చెబుతోంది.

బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో దైవప్రవక్త (స) తెలిపిన ఒక వృత్తాంతం ఉంది. 99 హత్యలు చేసినవాడు తనకు తౌబా ఉందా అని ఒక సన్యాసిని అడిగాడు. లేదనేసరికి అతణ్ణీ చంపి నూరు పూర్తిచేశాడు. తర్వాత ఒక పండితుడు తౌబా ద్వారం తెరిచే ఉందని చెప్పి, చెడ్డ ఊరు విడిచి అల్లాహ్‌ను ఆరాధించే జనం మధ్యకు వెళ్లమన్నాడు. దారిలోనే మరణించినా అతనికి క్షమాభిక్ష లభించింది. ఇందులో రెండు పాఠాలున్నాయి. నిరాశపరిస్తే నేరం పెరుగుతుంది. మారాలనుకునేవాడికి మంచివారి సాంగత్యం కావాలి.

మన కాలానికి దగ్గరి ఉదాహరణ అమెరికాకు చెందిన మాల్కం ఎక్స్. 1946లో దొంగతనాల కేసులో జైలుకెళ్లి, అక్కడే పుస్తకాలు పట్టి, నేరజీవితం వదిలారు. ఆయన చేరిన 'నేషన్ ఆఫ్ ఇస్లాం' జాతి సిద్ధాంతం ఇస్లాంకు విరుద్ధమైనది. 1964లో దాన్ని వీడారు. ఆ ఏడాదే హజ్‌లో అన్ని రంగులవారూ ఒకే వరుసలో నిలవడం చూసి ఆ భావననూ విడిచారు.

అయితే బాధితుడి సంగతేమిటి? పాపం మానడం, పశ్చాత్తాపపడటం, మళ్లీ చేయనని సంకల్పించడం తౌబా షరతులు. తోటి మనిషి హక్కు కాజేస్తే దాన్ని తిరిగివ్వాలి, లేదా క్షమాపణ పొందాలి. సొమ్ము దాచుకుని తస్బీహ్ తిప్పితే అది తౌబా కాదు. తౌబా పేరుతో బాధితుణ్ణి బలవంతంగా ఒప్పించే హక్కు కూడా మనకు లేదు.

మద్యం తాగి పలుమార్లు శిక్షపడిన వ్యక్తిని ఒకరు శపించబోతే దైవప్రవక్త (స) వారించారు. శిక్ష అమలైంది, శాపం ఆగింది. మన మార్గమూ ఇదే. తిరిగొచ్చిన సోదరుడికి మొదటిరోజే గల్లాపెట్టె తాళాలు ఇవ్వనక్కర్లేదు. సలాం చెప్పి, చేయగల పని చూపించి, సఫ్‌లో పక్కన నిలబెట్టుకోవాలి. మన పాపాలను అల్లాహ్ కప్పి ఉంచాడు కాబట్టే కదా మనం గౌరవంగా బతుకుతున్నాం!

అల్లాహ్ మనందరికీ నిజమైన తౌబా భాగ్యాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.