ఇచ్చిన చోటు, ఉన్న చోటు

ఒక కంపెనీలో స్టోరేజ్ చూసేవాళ్లు ఇద్దరు. ఒకామె ఏళ్ల తరబడి డిస్కులతోనే బతికిన మనిషి. రెండోవాడు కొత్తగా చేరిన కుర్రాడు. ఆమెను అక్కా అని పిలిచేవాడు.

అంతకుముందు అకౌంట్స్‌కు ఇంత, బిల్లింగ్‌కు ఇంత అని డిస్కును ముందే కోసి ఇచ్చేవారు. అకౌంట్స్ వాళ్ల వాటాలో సగానికి పైగా ఖాళీ, బిల్లింగ్ వాళ్లకేమో చోటు చాలక రోజూ గొడవ. కుర్రాడు లినక్స్ ఎల్‌వీఎంలోని థిన్ ప్రొవిజనింగ్ వాడి, 10 టీబీ పూల్ మీద ఐదు విభాగాలకు తలా 5 టీబీ వాల్యూమ్ ఇచ్చేశాడు. రాసినప్పుడే చోటు ఖర్చవుతుంది కాబట్టి గొడవ తీరింది. గంటకో స్నాప్‌షాట్ తీసేలా కూడా పెట్టాడు. అందరూ మెచ్చుకున్నారు. మెచ్చుకోదగ్గ పనే.

అక్క మాత్రం అడిగింది: “పది ఉంటే పాతిక ఇచ్చావు తమ్ముడూ. నిండుతుంటే నీకెవరు చెబుతారు?”

“ఇంకా నలభై శాతమే అక్కా. ఆ పక్కన పెట్టిన 2 టీబీ కూడా పూల్‌లో కలిపేద్దామా? ఊరికే పడి ఉంది.”

“దాన్ని ముట్టుకోకు.”

మార్చి 31 వచ్చింది. లెక్కలు ముగించే రోజు కాబట్టి అన్ని విభాగాలూ ఒకేసారి రాయడం మొదలుపెట్టాయి. సాయంత్రం కుర్రాడు ఎల్‌వీఎస్ కమాండ్ కొడితే పూల్ డేటా శాతం 96.20 అని కనిపించింది. గబగబా పాత లాగ్ ఫైళ్లు తీసేశాడు. మళ్లీ చూస్తే 96.85. తీసేసిన ఫైళ్ల బ్లాకులను పాత స్నాప్‌షాట్లు పట్టుకునే ఉన్నాయి. అవి లేకపోయినా, ఎఫ్‌ఎస్‌ట్రిమ్ లాంటిది నడిపితే తప్ప ఫైల్ సిస్టమ్‌లో ఖాళీ అయిన చోటు సంగతి పూల్‌కు తెలియదు. కుర్రాడికి ఈ రెండూ తట్టలేదు.

రాత్రి శాతం 100.00 అయింది. రాతలు 60 సెకన్లు ఆగి, ఆ తర్వాత ఎర్రర్లుగా తిరిగొచ్చాయి. బిల్లింగ్ నిలిచిపోయింది. అప్పుడు కూడా డీఎఫ్ కొడితే బిల్లింగ్ వాల్యూమ్‌లో 2.4 టీబీ ఖాళీ ఉందనే చూపించింది.

“ముందు చోటు కలుపు, శుభ్రం తర్వాత చేద్దాం” అంది అక్క. ఆమె ఎవరికీ ఇవ్వకుండా వాల్యూమ్ గ్రూప్‌లో అట్టిపెట్టిన 2 టీబీతో పూల్‌ను పెంచారు. వాల్యూమ్‌ను అన్‌మౌంట్ చేసి, తనిఖీ చేసి, మళ్లీ మౌంట్ చేశారు. పాత స్నాప్‌షాట్లు తీసి ఎఫ్‌ఎస్‌ట్రిమ్ నడిపాకే శాతం దిగింది. రాయకుండా పోయిన బిల్లులను మర్నాడు మళ్లీ ఎక్కించుకోవాల్సి వచ్చింది.

నీతి: లేని చోటును ఇస్తానని మాటిచ్చినవాడు ఉన్న చోటు మీద కన్ను తీయకూడదు.

ఇందులో తప్పు థిన్ ప్రొవిజనింగ్‌ది కాదు. డిస్కులు కొని ఖాళీగా తిప్పడం కంటే అది మేలైన పద్ధతే. కానీ స్టోరేజ్‌లో వచ్చే కొత్త సదుపాయాల్లో చాలావాటికి ఇదే గుణం ఉంది. 2024లో లినక్స్ కెర్నెల్ 6.9లో చేరిన వీడీఓ ఒకే రకం బ్లాకులను ఏరేసి, మిగిలినవాటిని కుదించి, ఉన్న డిస్కు కంటే పెద్ద డిస్కును చూపిస్తుంది. అక్కడా వాడేవాడికి కనిపించే అంకె వేరు, కింద మిగిలిన చోటు వేరు. ఆ కింది అంకెను చూడాల్సింది అడ్మినే. స్నాప్‌షాట్‌ను బ్యాకప్ అనుకునేవాళ్లూ ఇక్కడే దెబ్బతింటారు. అది ఉండేది అదే పూల్‌లో. పూల్ పోతే దాంతోపాటే పోతుంది.

కుర్రాడిని ఆదుకోగల ఏర్పాటు ఎల్‌వీఎంలోనే ఉంది. దాని కాన్ఫిగరేషన్ ఫైల్‌లో థిన్ పూల్ దానంతటది పెరగాల్సిన హద్దు మామూలుగా 100గా ఉంటుంది. 100 అంటే ఆ సదుపాయం ఆపేసి ఉన్నట్టే. దాన్ని 70 చేసి, పెంచే శాతాన్ని 20గా ఉంచితే, పూల్ 70 శాతం దాటగానే అయిదో వంతు పెరుగుతుంది. అందుకు మానిటరింగ్ నడుస్తుండాలి, వాల్యూమ్ గ్రూప్‌లో ఎవరికీ ఇవ్వని చోటూ ఉండాలి. అక్క అట్టిపెట్టింది ఆ చోటే.

థిన్ పూల్ వాడుతున్నవాళ్లు ఈరోజే ఆ హద్దు ఎంతుందో చూసుకోండి. ఎల్‌వీఎస్‌లో డేటా శాతంతోపాటు మెటాడేటా శాతం కూడా చూడండి. అది నిండితే బాగుచేయడం ఇంకా కష్టం.