రథము దిగిన వేళ

మా బేతంచెర్లలో నాపరాళ్ళ వ్యాపారముతో వృద్ధిలోనికి వచ్చిన గృహస్థులొకరు, చూపు మందగించుటచే తమ బెంజి కారును అమ్మివేసిరి. ఒక శనివారము మద్దిలేటి నరసింహస్వామి దర్శనమునకు బస్సులో నాతో కూడ వచ్చుచు, "స్వామీ! కారు పోయినదని దిగులు లేదు. ఈ దారిని దానిని నా చేతులతో నడిపిన సుఖమే మరపునకు రాకున్నది. ఇది పాపమా?" అని అడిగిరి.

పాపము కాదు. విషయములు తొలగినను వాటియందలి రుచి మిగులుననియు, పరమాత్మ దర్శనమైన పిదపనే ఆ రుచియు తొలగుననియు భగవానుడు గీత ద్వితీయాధ్యాయమున సెలవిచ్చెను. కావున బలవంతముగా మరువ నక్కరలేదు. విచారింపవలసినది వేరొకటి: నడిపినది నిజముగా మనమేనా?

మహాభారతమున శల్యపర్వమును స్మరింపుడు. యుద్ధము ముగిసిన పిమ్మట శ్రీకృష్ణుడు అర్జునుని ముందు దిగుమని చెప్పి, పిదప తాను దిగెను. తత్‌క్షణమే రథము భస్మమయ్యెను. ద్రోణకర్ణుల అస్త్రములచే అది మునుపే దగ్ధమైనదనియు, తాను కూర్చుండుటచేతనే నిలిచినదనియు స్వామి తెలిపెను. మన వాహనములును, వాటిని నడిపిన చేతులును అట్టివే. అర్జునుడు రథమును కోల్పోయెను, సారథిని కోల్పోలేదు.

ఇదియే వారికి విన్నవించితిని. కొంతసేపు మౌనముగా నుండి, "అయినను, మలుపు వచ్చినప్పుడెల్ల చేతులు కదలుచున్నవి స్వామీ!" అనిరి.

"కదలనిండు. కదలిన చేతులను జోడింపుడు" అంటిని.