అడవి సంరక్షణలో అహింస

అడవిని బతికించడానికి అందులోని కొన్ని చెట్లను కొట్టివేయవలసి వచ్చినప్పుడు, ఆ పని అహింసా ధర్మానికి లోబడినదేనా అన్న ప్రశ్న స్వచ్ఛంద వనసంరక్షకులందరికీ ఎదురవుతుంది. హర్యానాలోని గురుగ్రామ్‌లో, రాతి గనుల తవ్వకాలతో పాడైన ఆరావళి నేలను 2010 నుంచి 'ఐయామ్ గుర్గావ్' అనే పౌర సంస్థ చొరవతో నగరవాసులు తిరిగి అడవిగా పెంచగా, రక్షిత ప్రాంతం కాకపోయినా జీవవైవిధ్యాన్ని నిలిపే ప్రదేశంగా 2022లో అది దేశంలోనే మొదటిసారి గుర్తింపు పొందింది. అయితే ధౌ, సలై వంటి స్థానిక వృక్షాలకు చోటు దక్కాలంటే, అమెరికా ఖండాల నుంచి వచ్చి ఆ నేలను ఆక్రమించిన, తెలుగువారు సర్కారు తుమ్మ అని పిలిచే చెట్టును అక్కడ తొలగించక తప్పలేదు.

ఈ విషయాన్ని అత్యంత సూక్ష్మంగా పరిశీలించినది జైన దర్శనం. దాని ప్రకారం వృక్షం ఏకేంద్రియ జీవి, అంటే స్పర్శ అనే ఒక్క ఇంద్రియమే కలిగిన ప్రాణి. కనుక పరాయి మొక్క అన్న కారణంతో దాని ప్రాణానికి విలువ తగ్గదు. అయితే జైన ఆచార్యుడు ఉమాస్వాతి తన తత్త్వార్థసూత్రంలో హింసను నిర్వచిస్తూ, ప్రాణహరణంతో పాటు దానికి మూలమైన ప్రమాదాన్ని, అనగా రాగద్వేషాల వల్ల కలిగే ఏమరుపాటును కూడా చేర్చాడు. గృహస్థుల విషయంలో జైనులు చంపాలన్న తలంపుతో చేసే సంకల్పీ హింసను, జీవన నిర్వహణలో అనివార్యమయ్యే ఆరంభీ హింసను వేరు చేసి, మొదటిదాన్ని పూర్తిగా నిషేధించి, రెండవదాన్ని వీలైనంత తగ్గించుకొమ్మన్నారు.

ఈ విభజనను బట్టి చూస్తే సంరక్షకుని గొడ్డలి పూర్తిగా నిర్దోషమని చెప్పలేము గానీ, దాని దోషం ఎంతన్నది అతని జాగరూకతపై ఆధారపడుతుంది: కొమ్మల్లో గూళ్లున్నాయేమో చూడడం, ఆ కంపనే వంటచెరకుగా, బొగ్గుగా వాడుకునే పేదల అవసరాన్ని పట్టించుకోవడం, ఒక్కసారిగా నేలను బోడి చేయకుండా క్రమంగా తొలగించడం ఆ జాగరూకతలో భాగాలు. అన్నిటికన్నా ముఖ్యమైనది తర్వాతి బాధ్యత. ఎందుకంటే ఖాళీ అయిన చోట నాటిన స్థానిక మొక్క నిలదొక్కుకోకపోతే, ఒక ప్రాణం పోయినందుకు ప్రతిగా ఏమీ మిగలదు.

తెలుగు సంప్రదాయం కొడుకు, చెరువు, గుడి, కృతి, నిధి, అగ్రహారాలతో పాటు వనాన్ని కూడా సప్తసంతానాలలో, అంటే మనిషి వెనుక అతని పేరు నిలిపే ఏడింటిలో ఒకటిగా లెక్కించింది. సంతానమన్న మాటకు కన్నంత మాత్రాన తీరని పోషణ బాధ్యత అంటిపెట్టుకొని ఉంటుంది కాబట్టి, మొక్కలు నాటే ఒక్కరోజు ఉత్సవంతో వనధర్మం నెరవేరదు. పీకిన ప్రతి మొక్కకూ జవాబుదారీ వహించి, నాటిన ప్రతి మొక్కనూ వేసవులు దాటించగలవారే అడవిపై చేయి వేయాలి. ఆ ఓపిక లేనివారు దానిని ముట్టుకోకుండా ఉండడమే అహింస.