ముఠా అని ఎవరిని అంటాం?

నేను: బాబాయ్, వార్తలో ముగ్గురు పట్టుబడ్డారనే ఉంది. శీర్షికలో మాత్రం ‘ముఠా’ అన్నారు. ముగ్గురు ముఠా ఎప్పుడయ్యారు?

బాబాయి: కూడబలుక్కున్నప్పుడు అయ్యారమ్మాయ్. ఒకడు ఇల్లు చూసొస్తాడు, ఒకడు తాళం పగలగొడతాడు, ఇంకొకడు సొత్తు అమ్మిపెడతాడు. ఒంటరి దొంగకీ ఈ ఏర్పాటుకీ తేడా లేదా? ఆ తేడా చెప్పే మాట పత్రికకు కావాలి. ముప్పై ఏళ్ళు డెస్కులో కూర్చున్నవాణ్ణి, ఆ అవసరం నాకు తెలుసు.

నేను: చట్టానికీ ఆ అవసరం ఉంది. అయినా అది తొందరపడదు. నేరానికి ఇద్దరు ఒప్పుకుంటే కుట్ర. ఐదుగురు కలిస్తేనే బందిపోటుతనం. పాత శిక్షాస్మృతిలో 391వ సెక్షన్, ఇప్పటి న్యాయ సంహితలో 310. లెక్క చూపాలి, ఉద్దేశం రుజువు చేయాలి. పత్రిక రెండూ అడక్కుండానే పేరు పెట్టేస్తోంది.

బాబాయి: పోలీసులు చెప్పింది రాస్తాం. జనం జాగ్రత్తపడాలి కదా. సొమ్ము పోగొట్టుకున్నవాడి వైపు నుంచి కూడా చూడు.

నేను: చూస్తున్నాను. వాడికి కావలసింది తన సొమ్ము, దొంగకు శిక్ష. పేరు ఆ ముగ్గురి దగ్గరే ఆగితే నాకూ అభ్యంతరం లేదు. ఆగదు, అదీ గొడవ. స్టూవర్టుపురం సంగతి నాకన్నా నీకే బాగా తెలుసు.

బాబాయి ఆ మాటకు వెంటనే జవాబివ్వలేదు. బాపట్ల పక్కనున్న ఆ ఊరి కథ తెలుగువాళ్ళందరూ ఒకసారి తలచుకోవలసిందే. 1871లో ఆంగ్లేయులు నేరస్థ జాతుల చట్టం తెచ్చారు. 1911 చట్టంతో అది మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. ఎరుకల కుటుంబాలను తెచ్చి ఈ ఊళ్ళో ఉంచి, ఆ సెటిల్మెంటును సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ చేతుల్లో పెట్టారు. హాజరు వేయించుకోవాలి, అనుమతి లేనిదే ఊరు దాటకూడదు. అక్కడ పుట్టిన పసిబిడ్డ ఏ కుట్రలో చేరింది? 1952లో చట్టం రద్దయింది. పేరు రద్దు కాలేదు. 1991లో కూడా ఆ ఊరి పేరు పెట్టి దొంగల సినిమాలు తీశారు. కవి జాషువా కూతురు హేమలత, ఆమె భర్త లవణం అక్కడి మనుషుల కోసం ఏళ్ళ తరబడి పనిచేశారు. వాళ్ళు పోరాడింది పేదరికంతో ఎంతో, ఈ పేరుతోనూ అంతే.

బాబాయి: ఒప్పుకున్నాను. కానీ ఆ పాపం మాటది కాదమ్మాయ్. మన్యంలో ముఠా అంటే కొన్ని ఊళ్ళ కూడిక. దానికి ముఠాదారు. 1879 రంప తిరుగుబాటు నడిపింది ముఠాదారులే.  గుంటూరు మిర్చియార్డుకు వెళ్ళి చూడు. కలిసి బస్తాలు మోసి, వచ్చిన కూలి పంచుకునేవాళ్ళదీ ముఠాయే. గుట్టు లేదు, నేరం లేదు.

నేను: నేననేదీ అదే. కలిసి ఉండడంలో తప్పు లేదు. మరి రహస్యంలో ఉందా?

బాబాయి: ఉంది. దాచుకున్నారంటే దాచవలసిందేదో ఉన్నట్టే.

నేను: ఎవరి దగ్గర దాచారన్నది చూడవద్దా? తెలంగాణ పల్లెల్లో ఆంధ్ర మహాసభను జనం ‘సంఘం’ అన్నారు. దొర గడీకి తెలియకుండా, చీకటి పడ్డాక మాట్లాడుకోక తప్పని పల్లెలవి. ‘వెట్టి చేయం’ అని చెప్పడానికి మనుషులు కూడుకోవాలంటే రహస్యం కాక దారేది? బలహీనుడు దాక్కుంటే అది రక్షణ. బలవంతుడు దాక్కుంటే మాత్రం లెక్క అడగాలి. విచిత్రమేమంటే, బలవంతుల గుట్టుకు మనం మెత్తని మాట పెట్టుకున్నాం.

బాబాయి: కోటరీ.

నేను: అదే. నాయకుడి చుట్టూ నలుగురు చేరతారు. ఎవరిని లోపలికి పంపాలో, ఏ కాంట్రాక్టు ఎవరికి దక్కాలో వాళ్ళే తేలుస్తారు. కూడబలుక్కోవడం ఉంది, గుట్టు ఉంది, పంపకం ఉంది. ముఠా అనడానికి నువ్వు చెప్పిన గుర్తులన్నీ ఉన్నాయి. అయినా కోటరీలో ఉన్నాడన్న నింద మీద ఎవరినీ ఠాణాకు హాజరు వేయించుకోవడానికి పిలవలేదు. పైగా ఆ మాట నాయకుణ్ణి కాపాడుతుంది. “ఆయన మంచివాడే, కోటరీ చెడగొట్టింది” అంటాం. ఎన్నికల్లో ఓడిన ప్రతిసారీ విశ్లేషణల్లో ఇదే వాక్యం. ఆ నలుగురిని ఎంచుకున్నదెవరు? అక్కడ కూర్చోబెట్టి ఉంచిందెవరు? ఈ ప్రశ్నలు ఆ ఒక్క మాట కింద మునిగిపోతాయి.

బాబాయి: పేర్లు రాస్తే పరువు నష్టం దావా వేస్తారు.

నేను: పేదవాడు దావా వేయలేడు కాబట్టి వాడి ఊరి పేరు రాస్తున్నామా?

బాబాయి చాలాసేపు ఆలోచించి, “అలా అడిగితే నా దగ్గర సమాధానం లేదు” అన్నాడు. డెస్కులో అంతకాలం గడిపిన మనిషి నుంచి ఆ మాట రావడం నాకు చిన్న విషయం కాదు.

వార్తలు రాసేవాళ్ళకు, దిద్దేవాళ్ళకు నా విన్నపం ఇది. ఎంతమంది, వాళ్ళు చేశారని ఎవరు ఆరోపిస్తున్నారు, ఏం చేశారంటున్నారు, ఈ మూడూ రాయండి. రుజువయ్యేదాకా ముఠా అనకండి. రుజువైనా సరే, ఆ మాట పక్కన కులం పేరు, ఊరి పేరు చేర్చకండి. కోటరీ అని రాయబోయేటప్పుడు ఆ నలుగురూ ఎవరో, వాళ్ళను చేరదీసిందెవరో ఆధారాలతో రాయండి. అలా రాయలేకపోతే ఆ వాక్యం కొట్టేయండి.