ఏమి తింటివిరా?

మా ఇంట్లో నన్ను అన్నింటికంటే ఎక్కువసార్లు అడిగిన ప్రశ్న "ఏమి తింటివిరా?" అన్నది. "తింటివా నాయనా?" అని అడిగితే అందులో ప్రేమ ఉంటుంది. "ఏమి తింటివిరా?" అని అడిగితే అందులో విచారణ ఉంటుంది. పన్నెండో ఏట నుంచి ఈ రెండో ప్రశ్నకు జవాబు చెప్పుకుంటూ పెరిగినవాణ్ణి నేను. నా జబ్బు సంగతి చెబుతూ, ఆ ప్రశ్న వెనక దాగిన ఇంకో ప్రశ్నను పాఠకుల ముందు పెట్టాలని ఉంది. పూర్తిగా మన చేతిలో లేని ఫలితానికి మనం ఎంతవరకు జవాబు చెప్పాలి?

మాది ఆండిపట్టి. 1984లో ఎం.జి.ఆర్. అమెరికా ఆసుపత్రిలో ఉండగానే ఎన్నికల్లో గెలిచిన ఊరు అంటే బయటివాళ్లు గుర్తుపడతారు. 1991లో నాకు జబ్బు బయటపడే నాటికి మాది ఇంకా మధుర జిల్లాయే. తేని జిల్లా ఏర్పడింది 1996లో. ఆ ఏడు ఎండాకాలంలో నేను చెంబులకు చెంబులు నీళ్లు తాగేవాణ్ణి, రాత్రంతా బయటికి లేచేవాణ్ణి, నెల రోజుల్లో చొక్కా వదులైపోయింది. మధుర తీసుకుపోతే డాక్టరు చక్కెర జబ్బు అన్నాడు. "పిల్లవాడికి చక్కెర జబ్బేమిటి?" అని అమ్మ తెలుగులో ఏడ్చింది, నాయన తమిళంలో అడిగాడు.

పెద్దవాళ్లకు వచ్చే చక్కెర జబ్బు వేరు, నాకు వచ్చింది వేరు అని ఊళ్లో ఎవరికీ తెలియదు. పెద్దవాళ్లలో ఇన్సులిన్ ఊరుతూనే ఉంటుంది, కాని చాలదు, లేదా ఒళ్లు దాని మాట సరిగా వినదు. నాబోటివాళ్లలో, రోగాలతో పోరాడవలసిన ఒంటి కాపలాదళమే దారితప్పి, క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాలను చంపేస్తుంది. తీపి ఎక్కువ తిన్నందువల్ల రాదు, తల్లి పెంపకం వల్ల రాదు. ఇన్సులిన్ బయటినుంచి పోయకపోతే మనిషి బతకడు. ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి. అప్పుడు మా అవ్వ చెప్పింది ఒకటే: "ఏ జన్మలో ఎవరి నోటి తీపి లాక్కుంటివో!" పక్కింటివాళ్లు ఇంకోటి చెప్పారు: "బెల్లం ఎక్కువ పెట్టినారు వీడికి." ఈ రెండు మాటలూ వేర్వేరు అనుకునేవాణ్ణి. ఇప్పుడు చూస్తే రెండూ ఒకటే. జరిగినదానికి ఎవరో ఒకరు తప్పు చేసి ఉండాలి, ఎవరి తప్పూ లేకుండా ఇంత కష్టం రాకూడదు అనే నమ్మకం రెంటిలోనూ ఉంది.

రోజుకు రెండు సూదులు. గాజు సిరంజిని గిన్నెలో మరగబెట్టడం, మబ్బుగా ఉండే మందు సీసాను అరచేతుల మధ్య మెల్లగా దొర్లించడం, తొడలో పొడుచుకోవడం. మా ఇంట్లో ఫ్రిజ్ లేదు. తడి ఇసుక పోసిన మట్టికుండలో చిన్న ముంత పెట్టి, దానిలో సీసా దాచేది అమ్మ. సూది నొప్పి రెండు నెలల్లో అలవాటైంది. అలవాటు కానిది పరీక్ష.

ఆ రోజుల్లో మాబోటి ఇళ్లలో రక్తం చూసే యంత్రాలు లేవు. గాజు గొట్టంలో బెనెడిక్ట్ ద్రావణం అయిదు మిల్లీలీటర్లు పోసి, ఎనిమిది చుక్కల మూత్రం వేసి, స్పిరిట్ దీపం మీద కాచాలి. నీలంగానే ఉంటే చక్కెర లేదు. ఆకుపచ్చ అయితే కొంచెం, పసుపు అయితే ఇంకొంచెం, తర్వాత నారింజ, చివరికి ఇటుక ఎరుపు. రక్తంలో చక్కెర సుమారు 180 దాటితేనే అది మూత్రంలోకి దిగుతుంది. కాబట్టి ఆ రంగు చెప్పేది గడిచిన గంటల సంగతి. చక్కెర మరీ పడిపోతే అది చెప్పనే చెప్పదు. అయినా ఆ రంగు మా ఇంట్లో తీర్పు అయి కూర్చుంది. నీలం వస్తే అమ్మ నవ్వేది. ఎరుపు వస్తే "ఏమి తింటివిరా?" అనేది. నేను ఏమీ తినలేదని ప్రమాణం చేస్తే, మరి తన వంటలోనే లోపం ఉందని ఆ పూట తాను అన్నం మానేసేది. మారియమ్మకు ముడుపు కట్టేది.

నేను నిజంగానే ఏమీ తినని రోజులు ఎన్నో. అవే రెండు ఇడ్లీలు, అదే కొలత మందు, బడికి అదే నడక. ఒకరోజు నీలం, మర్నాడు ఇటుక ఎరుపు. కారణాలు ఎన్నో ఉంటాయని ఇప్పుడు తెలుసు. పొట్టలో వేసిన మందు త్వరగా పనిచేస్తుంది, తొడలో వేసింది నిదానంగా. ఒకేచోట పదేపదే పొడిస్తే అక్కడ చర్మం కింద గడ్డకట్టి మందు సరిగా పీల్చుకోదు. ఎండకు ఒళ్లు వేడెక్కితే మందు తొందరగా లోపలికి పోతుంది. జ్వరం వస్తే, వయసు వస్తుంటే, తెల్లవారుజామున ఒంట్లో కొన్ని రసాలు ఊరితే చక్కెర పెరుగుతుంది. సాయంత్రం ఆడిన ఆట అర్ధరాత్రి దాకా చక్కెరను కిందికి లాగుతూనే ఉంటుంది. ఇన్నింటి మధ్య పన్నెండేళ్ల పిల్లవాడి నిజాయితీని ఒక రంగుతో కొలిచేవాళ్లం.

పద్నాలుగో ఏట నేను ఉపాయం కనిపెట్టాను. మూత్రంలో బావినీళ్లు కలిపాను. నీలం వచ్చింది. అమ్మ నవ్వింది, అన్నం తినింది. అంతే, వారానికి నాలుగు రోజులు బావినీళ్లే. నోటుపుస్తకం నిండా నీలం, నీలం, నీలం. ఆ పుస్తకం చూసి డాక్టరు మందు కొలత తగ్గించాడు. ఆయన తప్పేమీ లేదు, చూపించిన లెక్కను బట్టి ఆయన చేసింది సరే. పదిహేను రోజులకు వాంతులు, ఎగశ్వాస, నోట్లో పండు కుళ్లిన వాసన. మధుర ఆసుపత్రిలో మూడు రోజులు సెలైను ఎక్కించారు. ఇంకొక పూట ఆలస్యమైతే మనిషి దక్కేవాడు కాదన్నారు.

తెలివి వచ్చాక అమ్మ అడిగింది: "ఎందుకురా అబద్ధం రాస్తివి?"

"ఎర్రగా వస్తే నువ్వు తినవు గదమ్మా" అన్నాను.

అమ్మ మళ్లీ మాట్లాడలేదు. ఆ మాట విన్న ఇంకొకరు మా మామ, అమ్మ తమ్ముడు. ఆయన వైగై ఆనకట్టలో పనిచేసేవాడు. ఆండిపట్టి పక్కనే ఉన్న ఆ ఆనకట్ట 1959లో కట్టింది, నిండు మట్టం 71 అడుగులు. నీరు 66 అడుగులకు చేరితే ఒడ్డు ఊళ్లకు మొదటి హెచ్చరిక, 68.5కు రెండోది, 69కి మూడోది. మామ అమ్మతో అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తు. "అక్కా, నీళ్లు 69కి ఎక్కినాయని నన్ను ఎవరూ తిట్టరు. వాన నేను కురిపించలేదు గదా. 69 ఉండగా 65 అని రాస్తే మాత్రం నన్ను జైల్లో వేయాల. వీణ్ణి మీరు ఎక్కిన నీళ్లకు తిడితిరి, వీడు 65 రాయను నేర్చుకొనె."

ముప్పై ఏళ్లకు పైగా ఆ మాట చుట్టూ తిరుగుతున్నాను. తత్త్వశాస్త్రం చదివినవాళ్లు దీన్ని ఇంకో దారిలో చర్చించారు. 1976లో బెర్నార్డ్ విలియమ్స్, థామస్ నాగెల్ అనే ఇద్దరు "నైతిక అదృష్టం" అనే పేరుతో ఈ చిక్కును ముందుకు తెచ్చారు. ఇద్దరు డ్రైవర్లు ఒకేవిధంగా బ్రేకులు చూసుకోకుండా లారీ తీశారనుకోండి. ఒకడి దారికి పిల్లవాడు అడ్డం వచ్చాడు, ఇంకొకడి దారికి రాలేదు. అజాగ్రత్త సమానమే అయినా, మనం మొదటివాణ్ణే నేరస్థుడిగా చూస్తాం. దీన్ని తిప్పి చూస్తే నా కథ. ఇద్దరు పిల్లలు సమానమైన జాగ్రత్తతో సూది వేసుకున్నారు. ఒకడికి 120, ఒకడికి 280. మొదటివాడు బుద్ధిమంతుడు, రెండోవాడు దొంగతిండివాడు.

మన భాషలోనే ఈ చిక్కుకు ఒక జాడ ఉంది. "తప్పు" అనే మాట చూడండి. దారి తప్పింది, గురి తప్పింది, మేక మందలోంచి తప్పిపోయింది, చక్కెర అదుపు తప్పింది అంటాం. వీటిలో నేరం లేదు. చేరవలసిన చోటికి చేరలేదన్నంతే అర్థం. అదే మాటను క్రియ నుంచి తీసి "నీ తప్పు" అనగానే ఒక మనిషి వచ్చి బోనులో నిలబడతాడు. పక్కింటి తమిళం వాళ్లకూ ఈ మాట ఉంది, వాళ్ల ఇళ్లలోనూ ఇదే జరుగుతుంది. అదుపు తప్పడం నుంచి నీ తప్పు దాకా ఉన్న దూరాన్ని మనం ఒక్క ఊపిరిలో దాటేస్తాం.

అయితే ఇక్కడ ఒక ఆక్షేపణ ఉంది, దాన్ని దాటవేయడం న్యాయం కాదు. ఫలితానికి తప్పు పట్టకూడదంటే ఎవడికి వాడు "నా చేతిలో ఏముంది?" అని చేతులు దులుపుకోడా? అలాంటివాళ్లను చూశాను, నేనూ కొన్నాళ్లు అలా ఉన్నాను. కాలేజీ రోజుల్లో ఒక సాయంత్రం చక్కెర బాగా పడిపోయి, చెమటలు పట్టి, చేతులు వణుకుతూ నాయనను నోటికొచ్చినట్లు తిట్టాను. చక్కెర 70 కంటే బాగా దిగితే మెదడుకు మేత చాలదు, కోపం దానంతటదే వస్తుంది. మర్నాడు నాయన "చక్కెర మాట్లాడెలే, నువ్వు కాదు" అన్నాడు. ఆ మాట పట్టుకుని చాలా ఏళ్లు హాయిగా ఉన్నాను. ఆ మధ్యాహ్నం మందు వేసుకుని, అన్నం వేళ దాటినా సినిమా హాల్లో కూర్చున్నది మాత్రం నేనే. జేబులో చక్కెర పొట్లం పెట్టుకోనిదీ నేనే. మాటలు నావి కావు, కాని ఆ మాటలకు దారి తీసింది నేను. ఇది తట్టిన తర్వాత నాయన కాళ్లకు దండం పెట్టి క్షమించమన్నాను. ఆయన నవ్వి "ఎప్పటిదో ఇప్పుడెందుకురా?" అన్నాడు.

కాబట్టి నాకు తోచింది ఇది. నేరం వేరు, బాధ్యత వేరు. సీసా మీద మిల్లీలీటరుకు 40 యూనిట్లని ఉంటే ఎర్రమూత సిరంజే వాడాలి, 100 యూనిట్ల మందుకు తీసిన నారింజమూత సిరంజి కాదు. సూది వేసే చోటు మార్చాలి. మందు వేసుకున్నాక వేళకు తినాలి. చక్కెర పొట్లం మరవకూడదు. అంకె చూడాలి, చూసింది చూసినట్లు రాయాలి. ఇవి నా చేతిలో ఉన్నవి, వీటికి నన్ను అడగవచ్చు. ఆ తర్వాత వచ్చే అంకెకు నేను చేయవలసిన పని ఉంటుందే కాని, పడవలసిన శిక్ష ఉండదు. తప్పుపట్టే ఇంట్లో అంకెలు బాగుపడవు, దాచడం మాత్రం బాగా వస్తుంది. మార్కుల కాగితం దాచే పిల్లవాడూ, అప్పు దాచే మగడూ ఈ బడిలో చదివినవాళ్లే.

నన్ను బతికించిన ఈ మందు చరిత్రలోనూ ఇదే పాఠం ఉంది. 1922 జనవరి 11న టొరంటోలో లియొనార్డ్ థాంప్సన్ అనే పద్నాలుగేళ్ల పిల్లవాడికి మొట్టమొదటి ఇన్సులిన్ సూది వేశారు. అది సరిగా పనిచేయలేదు. మందు శుద్ధంగా లేదు, సూది వేసిన చోట చీము గడ్డ కట్టింది. బాంటింగ్ బృందం ఆ వైఫల్యాన్ని ఉన్నదున్నట్లే ఒప్పుకుంది. కాలిప్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు మందును ఇంకా శుద్ధిచేశాడు. జనవరి 23న మళ్లీ వేస్తే చక్కెర దిగింది. ఆ పిల్లవాడు ఇంకా పదమూడేళ్లు బతికాడు. మొదటి రోజు వాళ్లు కూడా బావినీళ్లు కలుపుకుని ఉంటే రెండో సూది ఉండేది కాదు.

ఇప్పుడు వేలికొస నుంచి ఒక చుక్క తీస్తే అయిదు సెకన్లలో అంకె వస్తుంది. చేతికి అతికించుకుని పగలూ రాత్రీ అంకెలు చూసుకునే బిళ్లలూ వచ్చాయి. రంగులు పోయి అంకెలు వచ్చాయి, అంకెలు వేగంగా వస్తున్నాయి. వాటిని చూసే కళ్లు మారాయో లేదో చెప్పలేను.

మొన్న పొంగలి తర్వాత మా వీధి ఆడబిడ్డ ఒకామె పదకొండేళ్ల కొడుకును తీసుకుని మా ఇంటికి వచ్చింది. జబ్బు తెలిసి ఆరు వారాలు. నా ముందే వేలు గుచ్చి చూపించమన్నాను. యంత్రం మీద అంకె వచ్చింది. పిల్లవాడు ఆ అంకెను ఒక్క క్షణమే చూసి, వెంటనే తల్లి ముఖం చూశాడు. 286.

"ఏమి తింటివిరా?" అంది ఆమె. అచ్చం మా అమ్మ గొంతు.

"ఉన్నది ఉన్నట్లు చూపిస్తివి, మంచిది అబ్బీ. పుస్తకంలో రాసుకో. ఇప్పుడేం చేయాలో చూస్తాము" అన్నాను వాడితో. వాడు వంగి రాసుకుంటుంటే ఆమె వైపు తిరిగి అడిగాను:

"నువ్వు తింటివామ్మా?"

ఆమె తల దించుకుంది. "ఇంకా లేదన్నా" అంది.